చంద్రుడికి అడ్డొచ్చిన గది

పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరు గంటల నలభై రెండు నిమిషాలకు గుట్ట మీది గడియార స్తంభం కొసన చంద్రుడు నిలిచాడు. రెండు నిమిషాలు ఉన్నాడు. ఆ దృశ్యం చూడటానికి ఏర్పాటైన సభలో అప్పటికి పదకొండు వందల మంది ఉన్నారు. చంద్రుణ్ణి చూసినవాళ్ళు నలుగురు.

ఆ నలుగురిలో వేదిక మీదివాళ్ళు ఎవరూ లేరు.

పురపాలక కార్యాలయంలో ఒక ఫొటోగ్రాఫర్ ఉన్నాడు. సర్వీసు పంతొమ్మిదేళ్ళు. పూడిన కాలువ, పూడిక తీసిన కాలువ. గుంత పడిన రోడ్డు, గుంత పూడ్చిన రోడ్డు. రిబ్బను, కత్తెర, తెగిన రిబ్బను. ఆయన తీసినవి ఇవి. ఆఫీసులో ఆయన్ని పేరు పెట్టి ఎవరూ పిలవరు. "కెమెరాని రమ్మను" అంటారు. ఆయన వస్తాడు.

ఆయన చెల్లెలు బట్టలు కుడుతుంది. మైదానం పక్క పేటలో ఆమె ఇల్లు. కింద రెండు గదుల్లో కాపురం, పైన ఒక గదిలో పని. పైకి వెళ్ళడానికి బయటి నుంచి ఇనప మెట్లు. పై గదిలో మూడు మెషీన్లు, ఒక కత్తిరింపు బల్ల, గోడ నిండా సుద్దముక్కతో రాసిన అంకెలు. పేటలో నలభై ఒక్క ఇళ్ళున్నాయి. ఆ ఇళ్ళలోవాళ్ళ మెడ, ఛాతీ, నడుము, చేతి పొడవు ఆ గోడ మీద ఉండేవి. ఎవరైనా లావైతే ముందు ఆ గోడకి తెలిసేది. పేటలో ఆమెను టైలరమ్మ అంటారు. భర్త దూరప్రాంతాలకు బస్సు నడుపుతాడు. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉంటాడు. మిగతా అయిదు రోజులూ ఇల్లు నడిచేది పై గది మీద.

ఆ గది కప్పు మీద నిలబడి తూర్పుకి చూస్తే గుట్ట, గుట్ట మీద గడియార స్తంభం కనిపిస్తాయి. దూరం పదకొండు వందల మీటర్లు. మూడేళ్ళ కిందట ఒక పౌర్ణమి సాయంత్రం ఫొటోగ్రాఫర్ అక్కడ టీ తాగుతూ, చంద్రుడు స్తంభానికి నాలుగు వేళ్ళ ఎడంగా లేవడం చూశాడు. మర్నెల ఎడం మారింది. ఆ పై నెల ఇంకా మారింది. ఆయన ఒక నోటు పుస్తకం కొన్నాడు. చంద్రోదయాల పట్టిక, పట్టణం మ్యాపు, స్కేలు, కోణమానిని సంపాదించాడు. కప్పు మీది పిట్టగోడకి మేకు కొట్టి, చెల్లెలి దగ్గరి దారం తీసుకుని స్తంభం వైపు గురి కట్టాడు. మూడేళ్ళలో రెండుసార్లు మబ్బు పట్టింది. ఒకసారి లెక్క ఒక డిగ్రీ తప్పింది. నాలుగోసారి తేలిన లెక్క ఇది: పద్నాలుగో తేదీ, ఆరు నలభై రెండు. ఆ ఏడాదికి అదొక్కటే రోజు.

ఇక్కడ ఆయన ఒక తప్పు చేశాడు. అనుమతి అడిగాడు.

పురపాలక ఫొటోగ్రాఫరుకి పనివేళలు లేవు. ఏ సాయంత్రం ఎక్కడ ఏ రిబ్బను తెగుతుందో తెలియదు కాబట్టి ఎప్పుడూ డ్యూటీలో ఉన్నట్టే లెక్క. అందుకని ఆయన దరఖాస్తు రాశాడు. "పద్నాలుగో తేదీ సాయంత్రం ఆరు నుండి ఏడు వరకు చంద్రుని ఫొటో తీసుకొనుటకు ఒక గంట అనుమతి కోరుచున్నాను." పంపే ముందు చెల్లెలికి చూపించాడు.

"కడుపునొప్పి అని రాసెయ్ అన్నయ్యా" అంది ఆమె. "మీ ఆఫీసులో కడుపునొప్పికి ఉన్న విలువ చంద్రుడికి ఉండదు."

"పంతొమ్మిదేళ్ళలో ఒక్క అబద్ధం రాయలేదే."

"అందుకేగా ఇంకా రిబ్బన్లు తీస్తున్నావు."

ఆయన నిజమే రాసి పంపాడు.

సెలవుల గుమాస్తా దగ్గర కారణాల జాబితా ఉంది. అనారోగ్యం, పెళ్ళి, మరణం, కోర్టు వాయిదా. చంద్రుడు లేడు. ఆయన కాగితాన్ని సూపరింటెండెంటుకు పంపాడు. చంద్రుడు ఏ విభాగం కిందికి వస్తాడో తేల్చాలని సూపరింటెండెంటు వీధి దీపాల విభాగానికి పంపారు. వాళ్ళు రికార్డులు తిరగేసి, సదరు దీపం తమ నిర్వహణలో లేదని, ఎన్నడూ లేదని లిఖితపూర్వకంగా తెలిపారు. ఆ విధంగా పదకొండు సంతకాలతో దరఖాస్తు చైర్మన్ గారి బల్ల మీదికి చేరింది. ఆయన దాని మీద ఆకుపచ్చ సిరాతో రాశారు: "మంచి ఆలోచన. ఒక్కరే చూడటం ఎందుకు? పట్టణమంతా చూడాలి."

మర్నాడు చంద్రోదయ నిర్వహణ సంఘం ఏర్పడింది. సభ్యులు పదిహేడు మంది. స్వాగత ఉపసంఘం, మంచినీళ్ళ ఉపసంఘం, వాహనాల ఉపసంఘం, జ్ఞాపికల ఉపసంఘం విడిగా ఏర్పడ్డాయి. ఫొటోగ్రాఫర్ ఏ సంఘంలోనూ లేడు. అవసరమైనప్పుడు పిలవాలని తీర్మానించారు.

మొదటి సమావేశంలోనే అవసరం వచ్చింది. గడియార స్తంభం పాతదని, దాని మీద ఎంత భారం పడబోతోందో ముందే తెలియాలని ఇంజనీరు అన్నారు.

"భారం ఏమీ పడదండి" అన్నాడు ఫొటోగ్రాఫర్. "ఆనినట్టు కనిపిస్తుందంతే. ఆనదు."

"మీరు నోటితో చెబితే ఎలా? రేపు ఏదైనా అయితే సంతకం పెట్టాల్సింది నేను."

చంద్రుడు స్తంభాన్ని తాకడని ఫొటోగ్రాఫర్ చేత కాగితం రాయించుకుని ఫైలులో పెట్టారు.

రెండో విషయం స్థలం. ఫొటో తీయాల్సింది టైలరమ్మ గది కప్పు మీద నుంచి. రాజధాని నుంచి వచ్చే ముఖ్య అతిథికి మోకాలు నొప్పి. ఇనప మెట్లు ఎక్కలేరు. కప్పు మీద పదిహేడు కుర్చీలు కూడా పట్టవు. సరిగ్గా అదే గీత మీద వెనక్కి వస్తే సరిపోతుందని ఇంజనీరు చెప్పారు. మ్యాపు మీద స్కేలు పెట్టి, స్తంభం నుంచి టైలరమ్మ ఇంటి మీదుగా మైదానంలోకి గీత గీశారు. ఇంటి వెనక అరవై మీటర్ల దగ్గర కరెంటు స్తంభం ఉంది. మైకుకి వీలుగా ఉంటుందని అక్కడ చుక్క పెట్టారు. ఆ చుక్క మీద రెండో తేదీన కాంక్రీటు వేదిక పోశారు. "చంద్రుడు ఇచ్చట నుండి ఆరు నలభై రెండుకు దర్శనమిచ్చును" అని చెక్కిన రాతిపలక బిగించారు. ఆహ్వాన పత్రికలు అచ్చయ్యాయి.

నాలుగో తేదీన ఇంజనీరు ఆ వేదిక ఎక్కి తూర్పుకి చూశారు. గోడ కనిపించింది.

అది టైలరమ్మ పై గది గోడ. స్తంభం దాని వెనక ఉంది.

అత్యవసర సమావేశం జరిగింది. ఫొటోగ్రాఫర్‌ని పిలిచారు. ఆయన మ్యాపు తెచ్చుకున్నాడు. వేదికను మైదానం పడమటి చివరికి, అంటే నూట యాభై మీటర్లు వెనక్కి జరిపితే చాలునని చెప్పాడు. అక్కడి నుంచి చూస్తే గది తల కిందికి దిగిపోతుంది, స్తంభం పైకి తేలుతుంది. ఒక్కటే తేడా, చంద్రుడు రెండు నిమిషాలు ముందు వస్తాడు.

"రెండు నిమిషాలు ముందా?" అన్నారు స్వాగత ఉపసంఘం అధ్యక్షులు. "ముఖ్య అతిథి మాట్లాడక ముందే?"

"ఆరు నలభైకి అండి."

"పత్రికలో ఆరు నలభై రెండు అని వేశాం."

"అది ముందు చోటికి లెక్క కదండీ. చోటు మారితే వేళ మారుతుంది."

"చోటు ఎందుకు మారుతుంది? పలక బిగించేశాం" అన్నారు ఇంజనీరు.

చర్చ గంటన్నర నడిచింది. వేదిక కదలదు, ఎందుకంటే కాంక్రీటు. వేళ కదలదు, ఎందుకంటే అచ్చు. చంద్రుడు కదులుతాడు గానీ ఆయన సంఘం పరిధిలోకి రాడు. పరిధిలోకి వచ్చేది గది ఒక్కటే.

"ఆ గది కప్పు మీద నుంచే ఫొటో తీద్దామనుకున్నానండి" అన్నాడు ఫొటోగ్రాఫర్.

చైర్మన్ గారు లేచి నిలబడి జవాబిచ్చారు. ఆ మాటలు సమావేశపు పుస్తకంలో ఉన్నాయి. "ఆ గది సేవను ఈ పట్టణం మరిచిపోదు. ఆ గది లేకపోతే చంద్రుడు స్తంభం మీదికి వస్తాడన్న సంగతే మనకు తెలిసేది కాదు. ఒక గది చేయగలిగినదంతా అది చేసింది. ఇక మనం చేయవలసినది చేద్దాం." సభ్యులు బల్లలు చరిచారు.

నిబంధనల ప్రకారం తొలగింపుకు స్థానికుల కోరిక ఉండాలి. వార్డు సభ్యుడు ఒక కాగితం పట్టుకుని పేటలో ఇంటింటికీ తిరిగాడు. చంద్రోదయ దృశ్యానికి అడ్డుగా ఉన్నదాన్ని తొలగించాలని ఆ కాగితంలో ఉంది. అడ్డు తొలగితే పేటకి కొత్త రోడ్డు వస్తుందని, ఏటా జనం వస్తారని, అద్దెలు పెరుగుతాయని ఆయన నోటితో చెప్పాడు. టైలరమ్మ ఇల్లు పోను నలభై ఇళ్ళు. నలభై సంతకాలు. ఎదురింటావిడ సంతకం పెట్టే ముందు, "పాపం టైలరమ్మ ఏమంటుందో" అని అడిగినట్టు వార్డు సభ్యుడు ధ్రువీకరించాడు. పెన్ను కూడా ఆవిడ సొంతదేనని చెప్పాడు.

ఏడో తేదీన చైర్మన్ గారు స్వయంగా టైలరమ్మ ఇంటికి వచ్చారు. ఇనప మెట్లు ఎక్కలేదు. ఆమెనే కిందికి పిలిపించారు. మెడలో టేపుతో, పెదాల మధ్య గుండుసూదితో దిగివచ్చింది.

"చూడమ్మా, ఎంతమంది ఇంటి మీదుగా చంద్రుడు వస్తాడు చెప్పు? ఇది నీ అదృష్టం."

ఆమె గుండుసూది తీసి జాకెట్ అంచుకి గుచ్చుకుంది. "రోజూ వస్తాడండీ. గది తీసెయ్యమని ఎప్పుడూ అడగలేదు."

"నష్టపరిహారం ఉంటుంది."

"ఎప్పుడుంటుందండీ?"

"నిబంధనల ప్రకారం."

"ఇరవయ్యో తేదీకి బడికి నూట ఇరవై జతలు ఇవ్వాలండీ. కింద కత్తిరింపు బల్ల పట్టదు. అది వేస్తే మేము మంచాలు ఎత్తి గోడకి ఆనించుకోవాలి. నిబంధనల్లో మంచాల గురించి ఉందా?"

చైర్మన్ గారు నవ్వారు. ఆమె మాటతీరు తనకు నచ్చిందని, ఇలాంటి మహిళలే పట్టణానికి వెన్నెముక అని అక్కడున్న విలేకరులకు చెప్పారు. కారెక్కారు.

ఆ సాయంత్రం అన్నయ్య వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఆమే అంది:

"అందరి అన్నయ్యలూ చెల్లెళ్ళకి తలా ఒక గది వేయించి పెడతారు. నువ్వు చంద్రుణ్ణి తెచ్చి ఉన్నది తీయించావు."

"ఇంకోసారి మాట్లాడతానే చైర్మన్ గారితో."

"మాట్లాడొద్దు అన్నయ్యా. నువ్వు ఒక గంట అడిగితే గది పోయింది. రెండో మాట అడిగితే కింది ఇల్లు కూడా చూస్తారు."

ఆయన ఒక గంట అనుమతి సంగతి ఆఫీసు మరిచిపోలేదు. పద్నాలుగో తేదీన సిబ్బంది సెలవులన్నీ రద్దయ్యాయి. అయితే చైర్మన్ గారు మెచ్చుకున్న దరఖాస్తును తిరస్కరించడం మర్యాద కాదు. అందుకని అనుమతిని సర్దుబాటు చేసి మంజూరు చేశారు. పదకొండో తేదీ, ఉదయం పది నుంచి పదకొండు.

గది తొలగింపు మొదలైంది పదకొండో తేదీ ఉదయం పది గంటలకు.

ఏ తొలగింపుకైనా ముందు ఒక ఫొటో, తర్వాత ఒక ఫొటో తీయాలి. ముందు ఫొటో సమయానికి ఫొటోగ్రాఫర్ అనుమతిలో ఉన్నాడు కాబట్టి అది తీయలేదు. ఆ గంటలో ఆయన మెషీన్లు ఒక్కొక్కటీ భుజాన పెట్టుకుని ఇనప మెట్లు దింపాడు. మూడో మెషీను దిగేసరికి పదకొండు దాటింది. డ్యూటీలో చేరి, గోడలు పడ్డాక 'తర్వాత' ఫొటో తీశాడు. అందులో గుట్ట, స్తంభం, ఆకాశం ఉన్నాయి. ఫైలులో దాని కింద "అడ్డు, ఒకటి. తొలగించబడినది" అని రాశారు.

పగలగొట్టింది వేరే పేట నుంచి వచ్చిన ఒక మేస్త్రి. సుత్తి ఎత్తే ముందు గోడ వైపు చూశాడు.

"అమ్మా, మా వాడి కొలతలు కూడా ఉన్నాయి ఇక్కడ. రాసుకుంటారా ముందు?"

"ఎంతసేపు ఆగుతావయ్యా?"

"వాళ్ళు కేక వేసేదాకా."

ఆమె నోటు పుస్తకం తెచ్చి రాయడం మొదలుపెట్టింది. మేస్త్రి అంకెలు చదివి చెప్పాడు. ఇరవై మూడిళ్ళ కొలతలు ఎక్కాక కింది నుంచి కేక వినిపించింది. మిగతా పదిహేడిళ్ళవాళ్ళు మళ్ళీ కొలిపించుకోవాలి.

పదమూడో తేదీన బ్యానరు వచ్చింది. వెడల్పు నలభై అడుగులు, ఎత్తు ఇరవై. కంప్యూటర్ ఆపరేటరు తయారుచేసిన బొమ్మలో గడియార స్తంభం, దాని మీద చంద్రుడు. అటు చైర్మన్ గారు, ఇటు ముఖ్య అతిథి. మొదటి నమూనాలో చంద్రుడు ఇద్దరి ముఖాలకన్నా పెద్దగా ఉన్నాడని సంఘం అభ్యంతరం చెప్పింది. రెండో నమూనాలో తగ్గించారు. బ్యానరును వేదిక వెనక తూర్పు వైపున, గుంజలు పాతి కట్టారు. కట్టడానికి, గాలికి ఒరగకుండా తాడు పట్టుకోవడానికి అదే మేస్త్రిని పెట్టుకున్నారు.

తొలగించిన గది ఎత్తు పదకొండు అడుగులు.

ఫొటోగ్రాఫర్ ఇంజనీరు దగ్గరికి వెళ్ళాడు. "సార్, స్తంభం కనిపించదండి."

"బ్యానర్లో ఉందిగా."

"అది కాదండి, నిజం స్తంభం. చంద్రుడు దీని వెనక వస్తాడు. ఇది అడ్డం కదా."

"గది అడ్డం. ఇది అలంకరణ" అన్నారు ఇంజనీరు. ఫైలులోనూ అలాగే ఉంది.

పద్నాలుగో తేదీ సాయంత్రం ఆకాశంలో మబ్బు లేదు. ముఖ్య అతిథి ఆరు ఇరవైకే వచ్చారు. ఆయన వేళకి రావడం ఇదే మొదటిసారని ఆయన కార్యాలయం తెలిపింది. వేదిక మీద పదిహేడు కుర్చీలు జనం వైపు తిప్పి ఉన్నాయి. లెక్క ప్రకారం చంద్రుడు సరిగ్గా స్తంభం మీద కనిపించే చోటు ముఖ్య అతిథి కుర్చీ. ఆయన దాంట్లో స్తంభానికి వీపు పెట్టి కూర్చున్నారు.

ఆరు ముప్ఫై ఆరుకి చైర్మన్ గారి ప్రసంగం మొదలైంది. "మన పూర్వీకులు చంద్రుణ్ణి చూశారు. చూసి ఊరుకున్నారు. మనం ఊరుకోలేదు. చంద్రుడికి, మనకు మధ్య ఉన్న అడ్డంకులన్నిటినీ ఈ పాలకవర్గం తొలగించింది. ఈ రోజు ఈ మైదానంలో కూర్చున్న అతి సామాన్యుడు కూడా కుర్చీలోంచి లేవకుండా చంద్రుణ్ణి చూడగలుగుతున్నాడు." ఇక్కడ ఆయన వెనక్కి తిరగకుండానే చెయ్యి వెనక్కి చాపారు. బ్యానరు మీద దీపాలు వెలిగాయి. చప్పట్లు మోగాయి. అప్పుడు సమయం ఆరు నలభై రెండు.

జనం ఫోన్లు పైకెత్తి బ్యానరును ఫొటో తీశారు. కొందరు దానికి వీపు పెట్టి, తమతో కలిపి తీసుకున్నారు. బ్యానరు పక్కకి వెళ్ళాలంటే ముందు వరుస నుంచి ఇరవై అడుగులు నడవాలి. ఎవరూ నడవలేదు.

ఫొటోగ్రాఫరుకి ఇచ్చిన ఆదేశం జ్ఞాపిక అందజేత తీయమని. ఆయన వేదిక ముందు, కెమెరా కంటికి పెట్టుకుని ఉన్నాడు. ఆ నిమిషంలో ఆయన తీసినది ఒక్కటే ఫొటో. అందులో చైర్మన్ గారు నోరు తెరిచి ఉన్నారు. అది సమాచార విభాగంలో ఉంది.

చంద్రుణ్ణి చూసిన నలుగురి వివరాలు ఇవి. ముఖ్య అతిథి కారు డ్రైవరు, బ్యానరు వెనక బండి ఆపుకుని ఉన్నాడు. మేస్త్రి, తాడు పట్టుకుని ఉన్నాడు. సభ నుంచి లేచి బ్యానరు వెనక్కి అవసరానికి వెళ్ళిన ఒక పెద్దమనిషి. ఆయన తాను చంద్రుడి వైపే తిరిగి ఉన్నానని, పని ముగిసేదాకా చూశానని చెప్పాడు. నాలుగో మనిషి టైలరమ్మ. కింద చోటు లేక, గది ఉండిన చోట మిగిలిన కప్పు మీద కత్తిరింపు బల్ల వేసుకుని బట్ట కోస్తోంది.

"వచ్చాడు" అంది ఆమె, అడిగినప్పుడు. "స్తంభం మీద గుండీలాగా కూర్చున్నాడు. కత్తెర పక్కన పెట్టి చూశాను. ఆరు నలభై రెండుకే వచ్చాడు. అన్నయ్య లెక్క అన్నయ్య లెక్కే. తర్వాత వెలుతురు చాలక బట్ట మడతపెట్టేశాను."

నూట ఇరవై జతల్లో ఇరవయ్యో తేదీకి పూర్తయినవి అరవై ఎనిమిది. మిగతావి బడివాళ్ళు వేరే చోట ఇచ్చారు. వచ్చే ఏడాది సంగతి ఇంకా చెప్పలేదు.

చంద్రోదయ కార్యక్రమానికి ఉత్తమ నిర్వహణ బహుమతి వచ్చింది. బహుమతి అందుకున్నాక సంఘాన్ని రద్దు చేశారు. టైలరమ్మ గదికి గతంలో ఇచ్చిన నిర్మాణ అనుమతి, ప్లాను సంఘం ఫైలులో ఉన్నాయి. రద్దయిన సంఘాల ఫైళ్ళు అయిదేళ్ళ దాకా తెరవరు.

టైలరమ్మ పరిహారానికి దరఖాస్తు పెట్టింది. కౌంటరులోని గుమాస్తా నిబంధన చదివి వినిపించాడు. పరిహారం గదులకు ఉంది. అడ్డులకు లేదు. తొలగించినది గది అని ఆమె రుజువు చేయాలి.

"గది కాకపోతే ఏమిటి బాబూ? గాలిలో కుట్టానా ఇన్నాళ్ళూ?"

"నేను కాదనడం లేదమ్మా. ఫైలు కాదంటోంది. ఫొటో ఏదైనా ఉందా?"

ఆమె ఫోనులో వెతికి ఒక ఫొటో ఇచ్చింది. గోడకి వేలాడదీసిన గౌను. మూడు రోజుల తర్వాత జవాబు వచ్చింది. ఇందులో ఒక గోడ మాత్రమే కనిపిస్తోందని, గదికి నాలుగు ఉండాలని.

అన్నయ్య తన పెట్టెలన్నీ తిరగేశాడు. ఆ ఇంట్లో మూడేళ్ళలో ఆయన తీసినవి రెండు వందల పద్నాలుగు ఫొటోలు. అన్నీ గది కప్పు మీద నిలబడి తీసినవి. గుట్ట, స్తంభం, ఆకాశం. గది ఒక్కదాంట్లోనూ లేదు. పట్టణంలో ప్రతి కాలువకూ ఆయన దగ్గర రెండేసి ఫొటోలున్నాయి.

"సాక్ష్యం చెప్పించుకోవచ్చు" అన్నాడు గుమాస్తా. "గది అని తెలిసినవాళ్ళు ఇద్దరు సంతకం పెడితే చాలు. బంధువులు పనికిరారు. శుక్రవారం అయిదు గంటల్లోపు."

ఆమె సోమవారం నుంచి పేటలో తిరిగింది. ఎదురింటావిడ లోపలికి రమ్మని కుర్చీ వేసింది.

"గది కాదని నేనన్నానా అక్కా? నా పెళ్ళి బట్టలు అందులోనే కుట్టావు. కానీ మొన్న అడ్డు అని సంతకం పెట్టాను. ఇప్పుడు గది అని పెడితే, మొన్న పెట్టింది అబద్ధమవదూ? నన్ను పిలిచి అడుగుతారు."

పక్కింటాయన తన భార్యను అడిగి చెబుతానన్నాడు. భార్య తన భర్తను అడిగి చెబుతానంది. ఇద్దరూ అప్పుడు ఒకే గుమ్మంలో ఉన్నారు. మూలింటాయన గేటుకి అప్పటికే "చంద్రుడు కనిపించే ఇల్లు, అద్దెకు" అని బోర్డు కట్టాడు.

"నీకు పరిహారం రావాలమ్మా, నేనూ కోరుకునేది అదే" అన్నాడు. "వస్తే ఏం చేస్తావు?"

"గది వేసుకుంటానండీ."

"మరి అక్కడే వస్తుంది చిక్కు" అని ఆయన బోర్డు వైపు చూశాడు.

నలభై ఇళ్ళకీ వెళ్ళడానికి మూడు రోజులు పట్టింది. పదహారిళ్ళలో టీ ఇచ్చారు. తొమ్మిదిళ్ళలో కన్నీళ్ళు పెట్టుకున్నారు. ఆరిళ్ళలో కొత్త కొలతలు తీసుకోమని చేతులు చాపారు. సంతకం ఎవరూ పెట్టలేదు.

గురువారం మధ్యాహ్నం మేస్త్రి కౌంటరు దగ్గరికి వచ్చాడు. ఎవరూ పిలవలేదు. ఆయన చెప్పింది గుమాస్తా రాసుకున్నాడు. "నేను పగలగొట్టినది గది. తలుపు ఒకటి, కిటికీలు రెండు, గోడలు నాలుగు. లోపల ఫ్యాను తిరుగుతుంటే స్విచ్చి నేనే ఆపాను." కింద సంతకం పెట్టాడు. గుమాస్తా ముద్ర వేసి, సాక్ష్యం సక్రమంగా ఉందని, ఇంకొకటి కావాలని చెప్పాడు.

శుక్రవారం రెండు గంటల నుంచి టైలరమ్మ, ఆమె అన్నయ్య కౌంటరు ఎదుటి బల్ల మీద కూర్చున్నారు. ఆ మధ్యాహ్నం పేట నుంచి పద్దెనిమిది మంది అదే కౌంటరుకి వచ్చారు. తమ ఇంటి నుంచి గడియార స్తంభం ఏ అడ్డూ లేకుండా కనిపిస్తుందని పురపాలక సంఘం కొత్తగా ధ్రువపత్రాలు ఇస్తోంది. వాటి కోసం వచ్చారు. ఎదురింటావిడ టైలరమ్మ పక్కన కాసేపు కూర్చుని, భోజనం చేశావా అని అడిగి, తన పేరు పిలిచాక లేచి వెళ్ళింది. మూలింటాయన అన్నయ్య భుజం తట్టాడు.

అయిదు గంటలకు గుమాస్తా కౌంటరు కిటికీ మూశాడు. అప్పటికి ఇచ్చిన ధ్రువపత్రాలు పద్దెనిమిది. అందిన సాక్ష్యాలు ఒకటి.